తెలుగు ఫాంటు ఎంచుకోవడం ఎలా: కాగితం, ఫ్లెక్సీ, రేకు, రాయి, తెర – దేనికేది?

ఫాంటు ఎంచుకోవాలంటే చాలామంది చేసేది ఒకటే. కంప్యూటర్లో పేరు టైపు చేసి, ఫాంట్ల జాబితా దించుకుంటూ పోయి, కంటికి నచ్చిన చోట ఆగుతారు. ఆ సమయంలో అక్షరం తెర మీద అరచెయ్యంత ఉంటుంది, వెనకనుంచి వెలుగు కూడా వస్తుంటుంది. అదే అక్షరం గ్రానైటు మీద చెక్కాక, బస్సు టికెట్టు మీద పడ్డాక, బండి వెనక రేడియం స్టిక్కరుగా కోశాక ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించరు. తీరా పని అయ్యాక చూస్తే ‘ధ’ కాస్తా ‘ద’ అయిపోయి ఉంటుంది, ‘ప’ మీది తలకట్టు ఊడిపోయి ఉంటుంది.

ఈ మార్గదర్శి దుకాణం బోర్డు పెట్టించేవాళ్ళకు, శిలాఫలకం వేయించే గుడి కమిటీలకు, సొంతంగా పుస్తకం అచ్చేయించే రచయితలకు, తెలుగులో యాప్ చేసేవాళ్ళకు. డిజైనరు పక్కనే ఉన్నా సరే, ఏం అడగాలో మీకు తెలిసి ఉండటం మంచిది. నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: తెలుగు ఫాంటు బాగోగులు తేలేది పెద్ద అక్షరం దగ్గర కాదు, దాని కింద వేలాడే ఒత్తు దగ్గర, దాని లోపలుండే చిన్న కన్నం దగ్గర. ఆ రెండూ కొలవడం వస్తే సగం పని అయిపోయినట్టే.

పనికోసం పుట్టిన అక్షరాలు

రాసే వస్తువును బట్టి అక్షరం మారడం కొత్త సంగతి కాదు. తాటాకు మీద గంటంతో తిన్నగా, అడ్డంగా గీతలు లాగితే ఈనె వెంట ఆకు చీలుతుంది. మన దక్షిణాది లిపులు గుండ్రంగా తిరగడానికి అదొక కారణమని పండితులు చెప్పే మాట మీరూ వినే ఉంటారు. అచ్చు యుగంలో ఇదే పని లెక్కగట్టి చేశారు. అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ టెలిఫోన్ డైరెక్టరీ కోసం మాథ్యూ కార్టర్ అనే అక్షర రూపకర్త 1970ల చివర్లో ‘బెల్ సెంటెన్నియల్’ అనే టైపు (ఫాంటు) చేశాడు. నాసిరకం కాగితం, వేగంగా తిరిగే యంత్రం, ఆరు పాయింట్ల అక్షరం. ఇంకు పాకి గీతలు కలిసే మూలలు పూడిపోతాయని ఆయనకు ముందే తెలుసు. అందుకని ఆ మూలల్లో చిన్న చిన్న గాట్లు పెట్టాడు. పెద్దది చేసి చూస్తే ఎలుక కొరికినట్టు ఉంటుంది. డైరెక్టరీలో ఇంకు పాకి ఆ గాట్లు నిండాక మాత్రం అక్షరం శుభ్రంగా కనిపిస్తుంది.

జర్మనీ వాహనాల నంబరు ప్లేట్లకు వాడే టైపు ఇంకో దారిలో పుట్టింది. అందులో అక్షరాలు ఒకదానికొకటి పోలిక లేకుండా, కొంచెం వికారంగానే ఉంటాయి. కాస్త రంగు పూసి 3ను 8 చేయడం, పి అక్షరాన్ని ఆర్ చేయడం కుదరకూడదన్నది అక్కడి లెక్క. మీ బ్యాంకు చెక్కు అడుగున ఉండే వింత అంకెలు చూశారా? వాటి పేరు ఈ-13బి. అయస్కాంత ఇంకుతో అచ్చయిన ఆ అంకెల్ని యంత్రం ఒక్కొక్కదాని అయస్కాంత జాడను బట్టి గుర్తుపడుతుంది. మనిషి కంటికి అందంగా కనబడటం ఆ అంకెల పని కానే కాదు.

బ్రిటన్ రహదారి బోర్డుల కథ మనకు ఇంకా దగ్గర. అక్కడ 1958లో తెరిచిన ప్రెస్టన్ బైపాస్ కోసం డిజైనర్లు జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వర్ట్ కలిసి కొత్త బోర్డులు చేశారు. అన్నీ పెద్దక్షరాల్లో రాసే అలవాటు మానేసి, చిన్నక్షరాలు కలిపి రాశారు. వేగంగా పోయేవాడు అక్షరం అక్షరం కూడబలుక్కోడు, మాట మొత్తం ఆకారాన్ని పట్టుకుంటాడు. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడా లేదు. మన మాటకు ఆకారం తెచ్చేవి పైన ఉండే గుడి, ఎత్వం, తలకట్టు, కింద ఉండే ఒత్తులు. ఫ్లెక్సీలో చోటు చాలలేదని అక్షరాన్ని పైనుంచి అణగదొక్కితే మొదట పోయేవి అవే.

1. ముందు మూడు ప్రశ్నలు

ఫాంట్ల జాబితా తెరవకముందే ఒక కాగితం మీద రాసుకోండి: ఎంత దూరం నుంచి చదువుతారు? ఎంతసేపు చదువుతారు? దేనితో, దేనిమీద తయారవుతుంది?

దూరానికి బోర్డుల పనివాళ్ళు వాడే మోటు లెక్క ఒకటుంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. అంతకంటే చిన్నదైనా చదవొచ్చు, కానీ కష్టపడి చదవాలి. తెలుగుకు ఈ అంగుళాన్ని ‘న’ అక్షరం మీద కొలవండి. అంటే తలకట్టు పై అంచు నుంచి అక్షరం అడుగు దాకా, ఒత్తు కలపకుండా. నలభై అడుగుల రోడ్డుకు అవతలి వైపు నుంచి కనబడాలంటే ‘న’ నాలుగు అంగుళాలు ఉండాలి.

హైవే పక్కన దాబా బోర్డయితే కాలం కూడా లెక్కలోకి వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 16 మీటర్ల పైచిలుకు వెళ్తుంది. చదవడానికి మూడు సెకన్లు ఇవ్వాలంటే 50 మీటర్ల దూరం నుంచే కనబడాలి. అది సుమారు 165 అడుగులు, అంటే ‘న’ 16 అంగుళాలు. పైన గుడికి, కింద ఒత్తుకు చోటు వదిలితే ఒక్క వరసకే రెండున్నర అడుగులు పోతుంది. బోర్డు అంత లేదా? అక్షరం తగ్గించకండి, మాటలు తగ్గించండి. ‘స్వచ్ఛమైన ఆంధ్రా భోజనం అందుబాటు ధరలలో లభించును’ అన్న వాక్యంలో దారినపోయేవాడికి కావలసింది ‘ఆంధ్రా భోజనం’ మాత్రమే.

2. పరీక్ష మాటల పట్టీ తయారు చేసుకోండి

ఫాంటు అమ్మేవాళ్ళు నమూనాగా ‘అ ఆ ఇ ఈ’ చూపిస్తారు. వాటితో ఏ ఫాంటూ తప్పదు. మీ పట్టీలో ఉండాల్సినవి కష్టమైన మాటలు, దగ్గర పోలికలు.

దగ్గర పోలికలతో మొదలుపెట్టండి: మందు–ముందు, పాడు–వాడు, ద–ధ, చ–ఛ, కి–కీ, మ–వు, ఘ–ఝ. వీటిని మీ పనిలో ఎంత సైజు పడుతుందో అంత సైజులోనే చూడాలి. మందుల కవరు మీద ‘భోజనానికి ముందు’ అని చిన్న అక్షరాల్లో అచ్చేసినప్పుడు కొమ్ము పూడిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ‘వ’ ఎడమ చుట్ట మూసుకుని ఉంటుంది, ‘ప’ది తెరుచుకుని ఉంటుంది, రెండింటికీ మధ్య తేడా నిలిచేది ఆ చిన్న ఎడంలోనే. ఫాంటు గీసినవాడు దాన్ని ఎంత విశాలంగా వదిలాడన్నది గమనించండి.

తర్వాత బరువైన అక్షరాలు: స్వాతంత్ర్యం, రాష్ట్రం, లక్ష్మి, కృష్ణ, శ్రీ, ఎలక్ట్రికల్స్, ఎంటర్‌ప్రైజెస్. నా ఓటు మాత్రం ‘స్ట్రైకు’కే. సకారం, దానికింద ట ఒత్తు, దాని పక్కన ర ఒత్తు, పైన ఎత్వం, కింద ఐత్వం కొస – ఒకే అక్షరంలో ఇన్ని సర్దాలి. చాలా ఫాంట్లు ఇక్కడే ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ‘జ్ఞా’ కూడా చేర్చండి. 2018 ఫిబ్రవరిలో ఈ అక్షరం ఒక తీరులో టైపయితే చాలు, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయాయి, యాపిల్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. తెలుగు కూర్పు అంటే యంత్రాలకు ఎంత తలనొప్పో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

చివరగా అంకెలు, ఫోన్ నంబరు, ₹ గుర్తు, రెండు ఇంగ్లీషు మాటలు. రూపాయి గుర్తు 2010లో వచ్చింది కాబట్టి అంతకుముందు చేసిన ఫాంట్లలో ఆ చోట ఖాళీ డబ్బా కనబడొచ్చు. ఇంగ్లీషు పక్కన తెలుగు పెడితే ఒకే పాయింటు సైజులో రెండూ సమానంగా కనబడతాయన్న భరోసా లేదు. సైజు అంకె చూడకండి. తెలుగు ‘న’ ఎత్తు ఇంగ్లీషు స్మాల్ లెటర్ల కంటే కాస్త ఎక్కువగా వచ్చేలా కంటితో సరిచేయండి.

ఇక్కడే టైపింగు సంగతి ఒకటి. ‘హార్డ్‌వేర్’, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం కలవకుండా ఆపే కంటికి కనబడని గుర్తు ఒకటి వేయాలి, దాన్ని జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. అది లేకపోతే ‘హార్డ్వేర్’ అని వ ఒత్తు వచ్చి కూర్చుంటుంది. మీ కీబోర్డులో అది ఎక్కడుందో ఒకసారి వెతికి పెట్టుకోండి. బోర్డుల మీద కనబడే తప్పుల్లో చాలావాటికి ఫాంటుతో సంబంధమే లేదు, ఇదే కారణం.

3. సన్నగీత, చిన్నకన్నం కొలవండి

ఈ గైడులో మీరు ఒక్కటే పని చేస్తారంటే ఇదే చేయండి. స్కేలు, ఒక ప్రింటవుటు చాలు.

నచ్చిన ఫాంటులో ‘న’ సరిగ్గా 100 మిల్లీమీటర్ల ఎత్తు వచ్చేలా పెంచండి. అదే సైజులో మీరు రాయించబోయే మాటలన్నీ ప్రింటు తీయండి. ఇప్పుడు వాటిలో అన్నిటికంటే సన్నని గీత ఎక్కడుందో వెతకండి. అది మామూలుగా ఒత్తులోనో, తలకట్టు కొసలోనో, ధకారం కింది గీతలోనో దొరుకుతుంది. దాని మందం కొలవండి. తర్వాత అన్నిటికంటే చిన్న కన్నం వెతకండి. అది గుడి దీర్ఘం చుట్టలోనో, య ఒత్తు మలుపులోనో ఉంటుంది. దాన్నీ కొలవండి. ‘న’ను 100 చేశాం కాబట్టి ఈ రెండు కొలతలూ నేరుగా శాతాలు.

సన్నగీత 8, కన్నం 5 వచ్చాయనుకుందాం. మీ నేమ్‌ప్లేటు మీద ‘న’ 20 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే అక్కడ సన్నగీత 1.6 మిల్లీమీటర్లు, కన్నం 1 మిల్లీమీటరు. షాపువాడిని అడగండి: ‘మీ మెషిను ఎంత సన్నం దాకా తీయగలదు?’ 2 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే కష్టమన్నాడా, మీకు రెండే దారులు. ‘న’ను 40 మిల్లీమీటర్లకు పెంచడం, లేదంటే సన్నగీత, కన్నం రెండూ కనీసం 10 శాతం ఉన్న ఫాంటు వెతకడం. మూడో దారి లేదు. ‘చూద్దాం లెండి, వస్తుంది’ అని షాపులో ఎవరైనా అంటే నమ్మకండి.

4. వస్తువును బట్టి ఎంపిక

కాగితంతో మొదలుపెడదాం. మంచి కాగితం మీద ఆఫ్‌సెట్ అచ్చయితే దాదాపు ఏ ఫాంటయినా నడుస్తుంది, అక్కడ మీ రుచిదే రాజ్యం. గీతల్లో లావు, సన్నం తేడా ఉన్న సంప్రదాయ అక్షరం పుస్తకానికి నిండుదనం తెస్తుంది. హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం ఫియోనా రాస్, జాన్ హడ్సన్ చేసిన తెలుగు అక్షరాలే ఇప్పుడు ‘టిరో తెలుగు’ పేరుతో ఉచితంగా దొరుకుతున్నాయి. పద్యాలకు, కావ్యాలకు, ఒత్తుల మీద ఒత్తులున్న సంస్కృత సమాసాలకు నాకైతే ముందుగా గుర్తొచ్చేది అదే. నోటో సెరిఫ్ తెలుగు కూడా పుస్తకానికి పనికొస్తుంది. న్యూస్‌ప్రింటు, కరపత్రాల పల్చటి కాగితం మాత్రం ఇంకు పీలుస్తాయి. అక్కడ సన్నగీత లావెక్కుతుంది, కన్నం పూడుతుంది. అలాంటి వాటికి గీత మందం అంతటా సమానంగా, చుట్టలు విశాలంగా ఉన్న ఫాంటే వాడండి. బోల్డు జోలికి పోకండి.

పుస్తకంలో అక్షరం కంటే వరసల మధ్య ఎడం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 12 పాయింట్ల తెలుగుకు 18 పాయింట్ల వరస ఇవ్వండి, తర్వాత సర్దుకోవచ్చు. పరీక్ష ఇలా: పై వరసలో ‘రాష్ట్ర’, సరిగ్గా దాని కింద వరసలో ‘శ్రీ’ వచ్చేలా కూర్చి చూడండి. ర ఒత్తు వెళ్ళి గుడి దీర్ఘానికి తగులుతుంటే ఎడం చాలలేదన్నమాట.

శుభలేఖల గురించి ఒక్కటే మాట. వధూవరుల పేర్లకు ఎంత వయ్యారమైన ఫాంటయినా పెట్టుకోండి. ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా మాత్రం మామూలు ఫాంటులో ఉండాలి. బంగారు ఫాయిల్ అద్దేటప్పుడు సన్నగీతలు తెగుతాయి, కన్నాలు నిండుతాయి. వాటిని చదవాల్సింది డెబ్బై ఏళ్ళ పెద్దనాన్నగారు.

ఫ్లెక్సీకి సాంకేతికంగా పెద్ద ఇబ్బంది లేదు, అక్షరం పెద్దది కాబట్టి. రామభద్ర లాంటి లావుపాటి ఫాంట్లు, బాలూ తమ్ముడు లాంటి గుండ్రటి ఫాంట్లు దూరానికి బాగానే ఆనతాయి. అసలు జబ్బు వేరే. పొడుగు పేరు పట్టించడానికి అక్షరాన్ని పక్కల నుంచి నొక్కుతారు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడి, అడ్డ గీతలు లావుగా మిగిలి, అక్షరం జ్వరం పడి లేచినట్టు అవుతుంది. సన్నగా కావాలంటే సన్నగా గీసిన ఫాంటే తీసుకోండి. ఏక్ టైప్ వాళ్ళ ‘అనేక్ తెలుగు’లో వెడల్పు కూడా మార్చుకునే వీలుంది: ఇరుకు రూపం నుంచి విశాల రూపం దాకా ప్రతిదాన్నీ గీతల మందం చెడకుండా గీశారు.

కోసే పనులు: స్టిక్కరు, యాక్రిలిక్, రేకు

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, కాబట్టి కాసేపు ఆగుదాం. కోసి తీసే పనుల్లో రెండు రకాలున్నాయి. ఒకదానిలో అక్షరం మిగులుతుంది, రెండోదానిలో అక్షరం చోట ఖాళీ మిగులుతుంది. రెండింటి కష్టాలూ ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి.

అక్షరం మిగిలే పని: గోడకు బిగించే యాక్రిలిక్ అక్షరాలు, స్టీలు అక్షరాలు, రేడియం స్టిక్కర్లు. ఇందులో ఊడిపోయే ముక్కలు లెక్కపెట్టుకోవాలి. ప, ఫ, ష, స, హ – వీటి తలకట్టు చాలా ఫాంట్లలో అక్షరానికి తగలదు, గాల్లో ఉంటుంది. ఒత్తులూ అంతే. ‘పుష్ప హాస్పిటల్’ అని రాయించండి: ప, ష మీది తలకట్లు, కింద ఒత్తులు విడివిడి ముక్కలుగా వస్తాయి. ప్రతి ముక్కకూ వెనక వేరే మేకు, వేరే జిగురు కావాలి. రెండేళ్ళకు ఎండకూ వానకూ జిగురు వదిలితే ముందు రాలేది ఈ చిన్న ముక్కలే. పరిష్కారాలు మూడు: తలకట్టు అక్షరానికి అంటుకునే ఫాంటు తీసుకోవడం, డిజైనరు చేత ఆ తలకట్టుకు చిన్న వంతెన గీయించడం, లేదా అక్షరాలన్నిటి వెనకా ఒకే పలుచటి పలక పెట్టించడం. మూడోది ఖర్చు ఎక్కువైనా నిలుస్తుంది.

ఖాళీ మిగిలే పని: గోడ మీద రంగు కొట్టే స్టెన్సిల్, లోపల లైటు వెలిగేలా అక్షరం కోసిన రేకు బోర్డు, గేటు మీద ఇంటిపేరు. ఇక్కడ మూసుకున్న కన్నాలు శత్రువులు. సున్న, ర, ఠ, వ, మ చూడండి. చుట్ట పూర్తిగా మూసుకుని ఉంటే లోపలి ముక్క దేనికీ ఆధారం లేక రాలిపోతుంది, సున్న గుండ్రటి చుక్కగా మారుతుంది, వకారం గుర్తుపట్టలేం. ప్రతి మూసిన చుట్టకూ వంతెన వేయించాలి. అన్ని అక్షరాల్లోనూ ఒకే దిక్కున, ఒకే మందంలో వేయిస్తే అది మరమ్మతులా కాకుండా అందంలో భాగంగా కనబడుతుంది. నేనైతే చుట్ట నడుము దగ్గర నిలువుగా వేయిస్తాను, తలకట్టు దగ్గర ఎప్పుడూ వేయించను. రేకులో వంతెన మందం రేకు మందం కంటే తక్కువ ఉండకూడదు. 2 మిల్లీమీటర్ల రేకుకు కనీసం 2 మిల్లీమీటర్ల వంతెన. గేటయితే అంతకు రెట్టింపు పెట్టుకోండి, పిల్లలు ఎక్కుతారు.

రౌటరు మెషినుతో చెక్కపై తవ్వించేటప్పుడు బిట్టు (తవ్వే మొన) వ్యాసం అడగండి. 3 మిల్లీమీటర్ల బిట్టు అంతకంటే ఇరుకైన సందులోకి దూరదు, కోసుగా ఉండే లోపలి మూలల్ని గుండ్రం చేస్తుంది. ఇక్కడ తెలుగుకు అదృష్టం కలిసొచ్చింది. మన అక్షరాల్లో కోసు మూలలు తక్కువ. తలకట్టు కొస కాస్త మొద్దుబారుతుంది, అంతే.

రాయి

నల్ల గ్రానైటు శిలాఫలకాలు ఇప్పుడు ఎక్కువగా ఇసుక కొట్టి చేస్తున్నారు. రాయి మీద రబ్బరు షీటు అంటించి, అక్షరాల మేర కోసి తీసేసి, గాలి ఒత్తిడితో ఇసుక కొడతారు. రబ్బరు లేని చోట రాయి గుంట పడుతుంది. అంటే ఇదీ ఖాళీ మిగిలే పనే, కాకపోతే కన్నం ముక్క రాయికే అంటుకుని ఉంటుంది కాబట్టి రాలదు. రాలేది దాని మీది రబ్బరు. కన్నం మరీ చిన్నదయితే ఆ రబ్బరు ముక్క ఇసుక దెబ్బకు ఎగిరిపోతుంది, కన్నం పూడినట్టు అవుతుంది. రాతి మీద దిద్దుబాటు ఉండదు.

కాబట్టి 3వ మెట్టులో కొలిచిన కన్నం లెక్క ఇక్కడ రెండింతలు ఉదారంగా పెట్టుకోండి. దాతల పేర్లు ఎక్కువై అక్షరం చిన్నదయ్యే ఫలకాలే అన్నిటికంటే ప్రమాదం. ‘కృష్ణమూర్తి’, ‘లక్ష్మీనరసమ్మ’, ‘సత్యనారాయణ’ లాంటి పేర్లే వాటి నిండా ఉంటాయి, అన్నిటికీ ఒత్తులే. 25 మిల్లీమీటర్ల ‘న’ కింద ఒత్తు సుమారు 12 మిల్లీమీటర్లు పడుతుంది. దాని గీతకు మిగిలేది రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంతకంటే దిగకండి. పేర్లు పట్టకపోతే రెండో రాయి పెట్టించండి, దాతలు సంతోషిస్తారు.

లావు, సన్నం తేడా ఉన్న ఫాంటు రాతికి వద్దు. గుంటలో సన్నగీత లోతు దిగదు, రంగు నింపాక నాలుగు వానలకే ముందు అదే వెలిసిపోతుంది. సమాన మందం ఉన్న అక్షరం, మామూలు కంటే కొంచెం ఎడంగా. ఉలితో చెక్కే శిల్పి దొరికితే ఫాంటు పట్టుకెళ్ళి అచ్చు అలాగే రావాలని పట్టుబట్టకండి. ‘న’, ‘ర’, ‘శ్రీ’ మూడూ ఆయన తీరులో చెక్కించి చూడండి. ఉలికి ఏ మలుపు పలుకుతుందో ఆయనకు మనకంటే బాగా తెలుసు.

టికెట్టు, దారం, తెర

టికెట్లు వేసే థర్మల్ ప్రింటర్లలో ఎక్కువగా కనబడేది మిల్లీమీటరుకు 8 చుక్కలు వేసే రకం. ‘న’ 2.5 మిల్లీమీటర్లు అనుకుంటే మొత్తం ఎత్తుకు 20 చుక్కలు. పైన చూసిన 8 శాతం గీత చుక్కన్నర, 5 శాతం కన్నం ఒక్క చుక్క. చుక్కన్నర అచ్చవదు కాబట్టి ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు పడి అక్షరం గజిబిజి అవుతుంది. కన్నం కనీసం రెండు చుక్కలుండే ఫాంటు తీసుకోండి, లేదా ‘న’ను 5 మిల్లీమీటర్లకు పెంచి మాటలు తగ్గించండి.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో మామూలు దారమే సుమారు 0.4 మిల్లీమీటర్ల మందం. 1 మిల్లీమీటరు కంటే సన్నని గీతను నిండు కుట్టుతో తీస్తే దారం ముద్ద కడుతుంది, బట్ట ముడుచుకుంటుంది, కన్నాలు మూసుకుపోతాయి. యూనిఫాం జేబు మీద బడి పేరు ఒత్తులతో సహా కుట్టించాలనుకునేవాళ్ళు ముందు ఒక పాతగుడ్డ మీద కుట్టించి చూడాలి.

తెర విషయానికి వస్తే, ఫాంటు మీరు చెప్పకపోతే ఫోనే ఎంచుకుంటుంది. ఆండ్రాయిడ్ చాలా ఫోన్లలో నోటో సాన్స్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ, ఐఫోన్లో కోహినూర్ తెలుగు. మూడింటి ఎత్తులూ వేరు. మీ ఫోనులో బాగున్న బటను ఇంకో ఫోనులో ఒత్తు తెగి కనబడటం అందుకే. బటన్లకు, పెట్టెలకు ఎత్తు ఇంతే అని బిగించకండి, అక్షరాన్ని బట్టి పెరగనివ్వండి. వరస ఎత్తు అక్షరం సైజుకు 1.6 రెట్లు పెట్టి మొదలుపెట్టండి, అక్షరాల మధ్య ఎడం సున్నా దగ్గరే ఉంచండి.

దొంగ బోల్డు గురించి జాగ్రత్త. మండలి, ఎన్టీఆర్, రామభద్ర లాంటి ఫాంట్లు ఒకే మందంలో వస్తాయి. వాటికి బోల్డు అంటే బ్రౌజరు తనే గీతను ఉబ్బించి చూపిస్తుంది, కన్నాలన్నీ పూడతాయి. నిజంగా బోల్డు కావాలంటే నోటో సాన్స్ తెలుగు, అనేక్, హింద్ గుంటూరు లాంటి పలు మందాలున్న కుటుంబం తీసుకోండి. తెలుగును ఇటాలిక్‌లా పక్కకు వంచే అలవాటు కూడా మానేస్తే మంచిది; మన అక్షరానికి ఆ సంప్రదాయం లేదు, వంచిన తలకట్టు చూడటానికి చిరాకు.

5. ఫైలు ఇచ్చేటప్పుడు

మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు, పేజ్‌మేకరు గట్టిగా నడుస్తున్నాయి. అను యూనికోడ్ (ఏ కంప్యూటరయినా చదవగల ఉమ్మడి పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త కనబడుతుంది. మీరు ఫోనులో టైపు చేసిందేమో యూనికోడ్. మార్చే సాఫ్ట్‌వేరు వాడాక మీ పరీక్ష మాటల పట్టీని మళ్ళీ ఒకసారి దానిలోంచి తీసి చూడండి, ముఖ్యంగా ర ఒత్తు, అరసున్న, జెడ్‌డబ్ల్యూఎన్‌జే ఉన్న చోట్లు. ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోయి కనబడుతుంటే ఫాంటును తిట్టకముందు పేరాగ్రాఫ్ సెట్టింగులో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకున్నారో లేదో చూడండి.

కోత పనికి ఫైలు ఇచ్చేముందు అక్షరాల్ని కర్వులుగా (ఫాంటుతో పని లేని ఉత్త గీతలుగా) మార్చాలి. అది చాలదు. తెలుగు ఫాంటులో అక్షరం, గుణింతం, ఒత్తు విడివిడి ముక్కలుగా వచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. తెర మీద నలుపు మీద నలుపు కాబట్టి కనబడదు. స్టిక్కరు కోసే ప్లాటరు బ్లేడు మాత్రం ప్రతి గీతనూ కోస్తుంది. ‘కి’ని కోస్తే గుడి ఎక్కడ క మీద ఎక్కిందో అక్కడ స్టిక్కరు రెండు ముక్కలవుతుంది. ఈ ముక్కలన్నీ ఒక్కటిగా కలిసేలా కోరెల్ డ్రాలో వెల్డ్, ఇలస్ట్రేటర్‌లో యునైట్ చేయించి, తర్వాత రంగు తీసేసి ఉత్త గీతల రూపంలో చూడండి. అక్షరం లోపల అడ్డంగా ఎక్కడైనా గీత కనబడితే పని పూర్తి కాలేదు.

లైసెన్సు సంగతి కూడా తేల్చుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే తెలుగు ఫాంట్లను వ్యాపారానికి వాడుకోవచ్చు, బోర్డుకూ పుస్తకానికీ డబ్బు కట్టక్కర్లేదు. విండోస్‌తో వచ్చిన నిర్మలా ఫాంటు ఫైలును తీసి మీ యాప్‌లో పెట్టి పంచడం వేరే సంగతి, దానికి అనుమతి కావాలి.

6. అసలు సైజు ప్రూఫు

వాట్సాప్‌లో వచ్చిన జేపీజీ చూసి ఓకే చెప్పకండి. ఫోను తెర మీద ఏదైనా బాగానే ఉంటుంది. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించండి. బోర్డు పెద్దదయితే ఒక్క మాటయినా, అన్నిటికంటే కష్టమైనది, అసలు సైజులో. దాన్ని పెట్టే చోటే గోడకు అంటించి, చదివేవాళ్ళు ఎక్కడ నిలబడతారో అక్కడ నిలబడి చూడండి. మధ్యాహ్నం ఎండలో ఒకసారి, చీకటి పడ్డాక వీధి లైటులో ఒకసారి. ఆ పేరు ముందుగా తెలియని మనిషి చేత చదివించండి. తెలిసినవాళ్ళు తప్పున్నా సరిగ్గానే చదివేస్తారు.

రాతికి, రేకుకు ఇంకో అడుగు ఉంది. మిగిలిపోయిన ముక్క మీద ‘స్ట్రై’, ‘క్ష్మీ’, ‘ధ’ మూడూ చేసి చూపించమనండి. చిన్న ఖర్చే, చాలా షాపులవాళ్ళు ఊరికే చేసిస్తారు. ఆ ముక్క బాగుందనిపిస్తే ప్రూఫు కాగితం మీద అక్షరం అక్షరం వేలు పెట్టి చదివి, తేదీ వేసి సంతకం చేయండి. షాపువాడి చేత కూడా చేయించుకోండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి ఆయన దగ్గర. వెల్డ్ చేసిన ఫైలు, ఫాంటు పేరు, వాడిన సైజు ఆ కాగితం వెనకే రాసి పెట్టుకుంటే ఫోన్ నంబరు మారి బోర్డు మళ్ళీ చేయించాల్సి వచ్చినప్పుడు ఇవన్నీ మొదటినుంచి చేసే పని ఉండదు.